కాలేజీల్లో టెక్నాలజీ మీద రిపోర్టింగ్: ప్రారంభోత్సవం రోజు కాదు, రెండో సెమిస్టర్‌లో వెళ్లండి

మీరు అడిగింది ఇది: బీటెక్ కంప్యూటర్స్ చదివారు, రెండేళ్లుగా ఒక తెలుగు న్యూస్ వెబ్‌సైట్ డెస్క్‌లో సబ్ ఎడిటర్‌గా చేస్తున్నారు, ఇకమీదట యూనివర్సిటీల్లోకి, కాలేజీల్లోకి వచ్చే టెక్నాలజీ గురించే రాస్తూ కెరీర్ నిలబెట్టుకోవాలని ఉంది. అలాంటి బీట్, అంటే ఒక రిపోర్టర్ ఎప్పుడూ చూసుకునే రంగం, అసలు ఉందా, ఎక్కడ మొదలుపెట్టాలి, కోడింగ్ రావడం పనికొస్తుందా, ఇల్లు గడుస్తుందా అని. నేను 2003 చివర్లో ఒక జిల్లా కేంద్రంలో కంట్రిబ్యూటర్‌గా చేరాను, తర్వాత స్టాఫ్ రిపోర్టర్, ఆ తర్వాత హైదరాబాద్ బ్యూరోలో ఎడ్యుకేషన్, ఇప్పుడు ఏడేళ్లుగా ఫ్రీలాన్స్. ఇన్నేళ్లలో ఎక్కువగా రాసింది దీని గురించే కాబట్టి తెలిసినంత చెబుతాను, కొంచెం పొడుగవుతుంది.

బీట్ విషయం ముందు. తెలుగు పత్రికల్లో ఆ పేరుతో బీట్ లేదు. ఎడ్యుకేషన్ బీట్ ఉంది, అందులో రోజంతా నోటిఫికేషన్లు, ఫలితాలు, కౌన్సెలింగ్ తేదీలు, ఫీజులు, వీసీల నియామకాలతోనే గడిచిపోతుంది. టెక్నాలజీ అనేది బిజినెస్ పేజీలో ఫలానా స్టార్టప్‌కి పెట్టుబడి వచ్చిందనో, జిల్లా పేజీలో ఫలానా కాలేజీలో డిజిటల్ క్లాస్‌రూమ్ ప్రారంభించారనో వస్తుంది, అంతే. అమెరికాలో క్రానికల్ ఆఫ్ హయ్యర్ ఎడ్యుకేషన్ అనే పత్రిక 1966 నుంచి కేవలం యూనివర్సిటీల గురించే నడుస్తోంది, అక్కడ టెక్నాలజీకి ప్రత్యేకంగా రిపోర్టర్లు ఉంటారు. 2004లో ఇన్‌సైడ్ హయ్యర్ ఎడ్, 2011లో ఎడ్‌సర్జ్ వచ్చాయి. మనకి అలాంటిది లేదు. కాబట్టి మీరు ఎడ్యుకేషన్ బీట్‌లో చేరి, రోజువారీ పని చేస్తూ, దానిలోపల ఈ బీట్‌ని మీరే కట్టుకోవాలి. నేను అలాగే కట్టుకున్నాను, అదీ ఒక తప్పు చేశాక.

2005లో మా జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీ మేడ మీద డిష్ బిగించారు. అంతకు ముందు సంవత్సరమే, 2004 సెప్టెంబర్ 20న, శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ వెళ్లింది. పూర్తిగా చదువు కోసమే మన దేశం పంపిన మొదటి ఉపగ్రహం అది. ఆ ఊపులో ఎక్కడ చూసినా ఉపగ్రహ పాఠాల మాటే. నాకు ప్రెస్ నోట్ వచ్చింది, రిబ్బన్ కట్ చేస్తున్న ఫొటో వచ్చింది, గంటలో వార్త పంపేశాను, జిల్లా పేజీలో పైనే వేశారు.

రెండు నెలల తర్వాత ఆఫీసు ల్యాండ్‌లైన్‌కి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. బీఎస్సీ రెండో సంవత్సరం. "సార్, మీరు రాసిన ఆ క్లాసు ఏ గదిలో జరుగుతుందో కొంచెం చెబుతారా, మాకు తెలియడం లేదు" అంది. ఆ గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు, నిజంగానే అడుగుతోంది. మర్నాడు వెళ్లాను. గదికి తాళం. తాళంచెవి అటెండర్ దగ్గర, అటెండర్ ట్రెజరీ ఆఫీసుకి వెళ్లాడు. రెండు గంటలు వేపచెట్టు కింద కూర్చున్నాను. అతను వచ్చి తెరిస్తే లోపల టీవీకి కంపెనీ నుంచి వచ్చిన ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. రిసీవర్ పెట్టె మీద వారంటీ కార్డు, ఖాళీగానే. బెంచీల మీద పాత జవాబుపత్రాల కట్టలు పేర్చి ఉన్నాయి. ప్రిన్సిపాల్ గారిని అడిగితే ఆయన ఏమీ దాచలేదు. పాఠం వచ్చే టైముకి సైన్సు పిల్లలకి ప్రాక్టికల్స్ ఉంటాయి, పాఠం ఇంగ్లీషులో వస్తుంది, ఇక్కడ చాలామంది తెలుగు మీడియం, దాన్ని చూసుకోడానికి మనిషిని ఇవ్వలేదు అన్నారు.

నా మొదటి వార్తలో ఒక్క అబద్ధం లేదు. డిష్ బిగించడం నిజం, ప్రారంభించడం నిజం. కానీ అది చదివిన తల్లిదండ్రులు మా పిల్లలకి పాఠాలు వస్తున్నాయని అనుకున్నారు. అది నేను రాయలేదు, అయినా వాళ్లకి చేరింది మాత్రం అదే. ఆ సంగతి నన్ను ఇప్పటికీ వదల్లేదు. రెండో వార్త చిన్నదే వచ్చింది, లోపలి పేజీలో, కానీ నెల తిరక్కుండా అక్కడ టైంటేబుల్ మార్చారు, ఒక ల్యాబ్ అసిస్టెంట్‌కి ఆ గది అప్పజెప్పారు. ఎడ్యుశాట్‌ని 2010లో సేవల నుంచి తప్పించారు. దాని వినియోగం ఎలా సాగిందన్నది తర్వాత ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే కాగ్ కూడా తనిఖీ చేసి లోపాలు ఎత్తిచూపింది. అలాంటి నివేదికలు దొరికితే వదలకుండా చదవండి, జిల్లాలో మీరు చూసిన ఒక్క గదికి దేశవ్యాప్త లెక్క అందులో దొరుకుతుంది.

అప్పట్నుంచి నాకొక అలవాటు. ఏ కాలేజీలో ఏది ప్రారంభించినా డైరీలో తేదీ, వస్తువు, ఎంతమందికి అన్నారు, ఎవరు అన్నారు అని నాలుగు ముక్కలు రాసుకుంటాను. సరిగ్గా రెండో సెమిస్టర్ మధ్యలో మళ్లీ వెళతాను. మొదటి సెమిస్టర్‌లో వెళితే ఇంకా ఇన్‌స్టాల్ చేస్తున్నాం అంటారు, ఆ మాట నిజమే కావచ్చు కూడా. మూడేళ్లకి వెళితే అప్పటి మనుషులు బదిలీ అయిపోతారు. రెండో సెమిస్టర్‌లో వాడేవాళ్లు వాడుతుంటారు, వాడనివాళ్లకి ఎందుకు వాడటం లేదో గుర్తుంటుంది. నేను ఈ బీట్‌లో రాసిన మంచి కథనాలన్నీ ఈ డైరీలోంచి వచ్చినవే. కొన్నిసార్లు అక్కడ బ్రహ్మాండంగా నడుస్తుంటుంది, అది కూడా రాయాలి, మనస్ఫూర్తిగా రాయాలి, ఎందుకంటే నడిచిన చోట ఎందుకు నడిచిందో తెలిస్తే పక్క కాలేజీకి పనికొస్తుంది.

రెండో అలవాటు, ఒప్పందం వార్త రాగానే అవతలి కంపెనీ కాగితాలు చూడటం. దీనికి నేను కొత్తవాళ్లకి ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. 2024 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎడెక్స్‌తో ఒప్పందం చేసుకుంది. రెండు వేలకు పైగా ఆన్‌లైన్ కోర్సులు, దాదాపు 12 లక్షల మంది విద్యార్థులకి ఉపయోగం అని ప్రకటించారు. ఎడెక్స్ అంటే 2012లో హార్వర్డ్, ఎంఐటీ కలిసి లాభాపేక్ష లేకుండా పెట్టిన సంస్థ, పేరున్నదే. కానీ 2021లో దాన్ని టూయూ అనే కంపెనీ 80 కోట్ల డాలర్లకి కొనేసింది. ఆ టూయూ అప్పట్లో అమెరికా స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీ, కాబట్టి దాని అప్పటి లెక్కలన్నీ బహిరంగమే, ఎవరైనా ఇంట్లో కూర్చుని ఉచితంగా చదవొచ్చు. మన దగ్గర ఒప్పందం జరిగిన అదే ఫిబ్రవరిలో ఆ కంపెనీ తన వార్షిక ఫలితాలు ప్రకటిస్తూ, అప్పుల వల్ల తాము కంపెనీగా కొనసాగగలమా అన్నదే గట్టి సందేహంగా ఉందని ఇన్వెస్టర్లకి రాతపూర్వకంగా చెప్పుకుంది. షేరు ఒక్కసారిగా పడిపోయింది. జూలైలో దివాలా చట్టం కింద కోర్టుకి వెళ్లింది, సెప్టెంబర్‌లో అప్పులు తగ్గించుకుని ప్రైవేటు కంపెనీగా బయటపడింది. ఎడెక్స్ మాత్రం ఆగిపోలేదు, నడుస్తూనే ఉంది. అందుకే ఇది స్కాం అనో, మోసం అనో రాయకూడదు. మరి రాయాల్సింది ఏమిటంటే, ఆ కంపెనీ చేతులు మారితే మన పిల్లల కోర్సులు ఎవరు చూసుకుంటారు, సర్టిఫికెట్ల రికార్డు ఎక్కడుంటుంది, ఆ సంగతి ఒప్పందంలో రాసుకున్నారా లేదా అని. ఇది వీసీనో, ఉన్నత విద్యామండలినో మర్యాదగా అడగదగ్గ ప్రశ్న, వాళ్లకి కూడా మేలు చేసే ప్రశ్న. అడగాలంటే ముందు ఆ కంపెనీ కాగితాలు మనం చదివి ఉండాలి.

ఇదే సందర్భంలో అంకెల గురించి ఒక మాట. 2011లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఏఐ కోర్సు ఒకటి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడితే సుమారు 1,60,000 మంది పేరు నమోదు చేసుకున్నారు. ప్రపంచమంతా ఆ అంకెనే పట్టుకుంది, 2012ని మూక్‌ల సంవత్సరం అని న్యూయార్క్ టైమ్స్ రాసింది, మూక్ అంటే ఎంతమందైనా చేరగలిగే ఇలాంటి ఆన్‌లైన్ కోర్సు. చివరిదాకా పూర్తిచేసినవాళ్లు ఇరవై వేల చిల్లర. అదీ తక్కువేం కాదు, కానీ వేరే అంకె. 2013లో శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ ఇలాంటి కోర్సులని తన విద్యార్థులకి క్రెడిట్లతో పెట్టి చూసి, పాసైనవాళ్లు తక్కువగా ఉండటంతో అదే ఏడాది ఆపేసింది. మన దగ్గర ఎవరైనా లక్షల మంది చేరారు అంటే మూడు అంకెలు అడగండి: చేరినవాళ్లు, పరీక్ష రాసినవాళ్లు, క్రెడిట్ మార్కుల మెమోలోకి ఎక్కినవాళ్లు. మూడోది అడగ్గానే చాలాచోట్ల ఫైలు వెతకడం మొదలవుతుంది.

ఎన్‌పీటెల్ దీనికి మంచి పాఠం. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన వీడియో పాఠాలవి, 2014 నుంచి సర్టిఫికెట్ పరీక్ష కూడా ఉంది. పాఠం ఉచితం, పరీక్షకి మాత్రం సెంటర్‌కి వెళ్లి కూర్చోవాలి. వారంవారం ఇచ్చే అసైన్‌మెంట్లకి 25 శాతం, సెంటర్‌లో రాసే పరీక్షకి 75 శాతం. ఈ ఏర్పాటు ఎందుకుందో యూట్యూబ్‌లో ఏ వారం అసైన్‌మెంట్ జవాబులనైనా వెతికితే మీకే తెలుస్తుంది, పాఠం వచ్చిన వారంలోనే జవాబులు కూడా వచ్చేసి ఉంటాయి. ఇక్కడ పిల్లల్ని దొంగలుగా రాసేవాళ్లున్నారు, నాకు అది నచ్చదు. ఆన్‌లైన్ కోర్సుల క్రెడిట్లకి యూజీసీ 2016లో 20 శాతం దాకా వీలిచ్చింది, 2021లో 40 శాతం చేసింది. కాలేజీ వాళ్లు ఫలానా కోర్సు చెయ్యాల్సిందే అంటారు, దానికి టైంటేబుల్‌లో గంట ఇవ్వరు, ఇంట్లో మొబైల్ డేటా మీద చూడాలి. ఒక అబ్బాయి నాకు చూపించాడు, బస్సులో నిలబడి రెండు రెట్ల స్పీడులో పాఠం పెట్టుకుని వింటున్నాడు, అదొక్కటే అతనికి దొరికే టైము. ఆ బస్సు కూడా కథనంలో ఉండాలి.

ఇప్పుడు ఈ బీట్‌లో నేను అన్నిటికంటే ఎక్కువ భయపడే విషయం, పరీక్షల విభాగం. క్లాస్‌రూమ్‌లో టెక్నాలజీ పనిచేయకపోతే పాఠం పోతుంది, ఎగ్జామ్ బ్రాంచిలో పనిచేయకపోతే జీవితాలు తారుమారవుతాయి. 2017లో ముంబై యూనివర్సిటీ ఒక్కసారిగా ఆన్‌స్క్రీన్ వాల్యుయేషన్‌కి మారింది, అంటే జవాబుపత్రాలన్నీ స్కాన్ చేసి, లెక్చరర్లు కంప్యూటర్ మీద చూసి దిద్దడం. దాదాపు 17 లక్షల జవాబుపత్రాలు, 477 పరీక్షలు. ముందు చిన్నగా ఒక కోర్సుకి పెట్టి చూడకుండా అన్నిటికీ ఒకేసారి పెట్టేశారు. ఫలితాలు నెలల తరబడి ఆలస్యమయ్యాయి, పై చదువులకి వెళ్లాల్సినవాళ్ల గడువులు దాటిపోయాయి, చివరికి అక్టోబర్‌లో ఛాన్సలర్ హోదాలో గవర్నర్ విద్యాసాగర్ రావు గారు, మన కరీంనగర్ వైపు ఆయనే, వీసీని పదవి నుంచి తొలగించారు.

ఆ తర్వాత నేను మన దగ్గర ఒక యూనివర్సిటీలో ఇలాంటి దిద్దుబాటు ఎలా జరుగుతుందో చూడాలని పట్టుబట్టాను. పేరు చెప్పను. ఒక సీనియర్ మేడం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మామూలుగా దిద్దుకుంటూ పోయారు. ఒకచోట ఆగారు. స్క్రీన్ మీద 'గ్రాఫ్ షీట్ జతచేశాను' అని విద్యార్థి రాసిన లైను ఉంది, గ్రాఫ్ మాత్రం లేదు. పేపరుకి దారంతో కట్టిన గ్రాఫ్ షీట్లు స్కానర్‌లో విడిగా పెట్టాలి, ఆ కట్టలో ఎవరో పెట్టడం మరిచిపోయారు. కాగితమైతే మేడం చేత్తో తిప్పి చూసుకునేవారు. స్క్రీన్ మీద లేకపోతే లేనట్టే. ఆ సాఫ్ట్‌వేర్‌లో 'పేజీ లేదు, తిరిగి పంపండి' అనే బటన్ ఉంది, కానీ అది నొక్కితే రోజుకి దిద్దాల్సిన లెక్క తగ్గుతుంది, రెమ్యూనరేషన్ పేపరు లెక్కన. ఆవిడ నొక్కారు. "అందరూ నొక్కుతారా మేడం?" అని అడిగితే జవాబు చెప్పకుండా తర్వాతి పేపరు తెరిచారు. నేను రాసిన కథనం మొత్తం ఆ బటన్ గురించే. కంట్రోలర్ గారు చదివి, గ్రాఫ్ ఉండే సబ్జెక్టులకి స్కానింగ్ దగ్గరే లెక్క సరిచూసే పద్ధతి పెట్టారు. టెక్నాలజీ అంటే సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు, దారం, స్కానర్ దగ్గర కూర్చున్న కుర్రాడు, పేపరుకి ఇచ్చే రూపాయలు, అన్నీ కలిసి.

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఇంటర్ అంటే యూనివర్సిటీ కాదు, కానీ మన బీట్‌కి గుమ్మం అదే. తెలుగులో 99 వచ్చిన అమ్మాయికి మెమోలో సున్నా పడింది. మూడు లక్షల మందికి పైగా ఫెయిలయ్యారు. 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది, ఫెయిలైన అందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ సరిచూశారు. ఆ రోజుల్లో నేను నేర్చుకున్నది చెబుతాను, ఇది దయచేసి గుర్తుపెట్టుకోండి. పిల్లల ఇంటికి వెళ్లి ఫొటోలు అడగలేదు, ఒక్క చావుని ఒక్క కారణానికి కట్టి రాయలేదు, ప్రతి వార్త కింద రీవెరిఫికేషన్ ఎలా చేయించుకోవాలో, ఎవరికి ఫోన్ చేయాలో వేయించాను, డెస్క్‌తో గొడవపడి మరీ. ఆ నాలుగు లైన్లకి వచ్చినన్ని ఫోన్లు నా ఏ బైలైన్‌కీ రాలేదు.

ఇక ఇప్పటి సంగతి, ఏఐ. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చాక కాలేజీలు ముందు పరిగెత్తింది దాన్ని పట్టుకునే సాఫ్ట్‌వేర్ల వెంట. 2023లో ఒక అర్ధరాత్రి నాకు అమెరికా నుంచి ఫోన్. వరంగల్ వైపు కుర్రాడు, అక్కడ ఎంఎస్ చేస్తున్నాడు. "అన్నా, నేనే రాశాను అన్నా, ఏఐ రాసిందంటున్నారు, హియరింగ్ పెట్టారు, వీసా పోతుందేమో" అని ఒకటే టెన్షన్. నేను లాయర్ని కాదు, కానీ నాకు తెలిసిన ఒక్క పని చెప్పాను: నువ్వు రాసిన డాక్యుమెంట్ వెర్షన్ హిస్టరీ తెరువు అని. స్క్రీన్ షేర్ చేశాడు. మూడు రాత్రులు, పదకొండు నుంచి రెండు దాకా. ఒకే వాక్యం నాలుగుసార్లు కొట్టేసి రాసింది కనపడుతోంది. మధ్యలో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు నోట్స్, 'ఇక్కడ ఉదాహరణ పెట్టాలి', 'సార్ చెప్పింది ఇదేనా' అని. ఏ యంత్రమూ అలా రాసుకోదు. అదంతా హియరింగ్‌లో చూపించాడు, వాళ్లు ఒప్పుకున్నారు.

ఆ తర్వాత నేను చదవడం మొదలుపెట్టాను. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ కోసం రాసిన వ్యాసాల్ని ఏడు డిటెక్టర్లకి ఇచ్చి చూస్తే, సగటున 61 శాతం వ్యాసాల్ని ఏఐ రాసినవిగా తప్పుగా పట్టుకున్నాయని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో తేల్చారు. తేలికైన పదాలు, సాదా వాక్యాలు వాడితే ఆ సాఫ్ట్‌వేర్‌కి అది యంత్రంలా కనిపిస్తుంది. మన పిల్లలు రాసే ఇంగ్లీషు సరిగ్గా అలాంటిదే. ఓపెన్‌ఏఐ స్వయంగా పెట్టిన డిటెక్టర్‌ని కచ్చితత్వం లేదని 2023 జూలైలో తనే ఎత్తేసింది. ఆగస్టులో అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ, కాపీని పట్టుకునే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్‌లోని ఏఐ డిటెక్టర్‌ని ఆపేసింది, వాళ్ల లెక్క చాలా సూటిగా ఉంది: 2022లో తాము పంపిన పేపర్లు 75,000, ఒక్క శాతమే తప్పు అనుకున్నా 750 మంది విద్యార్థుల మీద అన్యాయంగా నింద పడేది. మన యూనివర్సిటీలు పీహెచ్‌డీ థీసిస్‌లకి సాఫ్ట్‌వేర్ రిపోర్టు అడుగుతాయి కదా, అందులో కాపీ శాతం ఒకటి, ఏఐ శాతం ఇంకొకటి. కాపీకి యూజీసీ 2018 నిబంధనలున్నాయి, 10 శాతం దాకా పర్వాలేదు, ఆపైన మెట్లు మెట్లుగా చర్యలు. ఆ కాపీ శాతాలని తెచ్చి ఏఐ శాతానికి అంటగట్టడం తప్పు, అవి రెండూ వేర్వేరు వస్తువులు. ఈ తేడాని తెలుగులో వివరంగా, ఉదాహరణలతో రాసేవాళ్లు ఇప్పుడు చాలా అవసరం. మీరు మొదలుపెట్టాలంటే ఇదే మంచి చోటు.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయి అంటే, అనుకున్నదానికంటే తేలిగ్గా. కాలేజీల నాణ్యత చూసి గ్రేడు ఇచ్చే నాక్ సంస్థ గుర్తింపు కోసం కాలేజీలు ఇచ్చే స్వీయ అధ్యయన నివేదిక, అందరూ ఎస్‌ఎస్‌ఆర్ అంటారు, కాలేజీ సైట్లోనే ఉంటుంది. అందులో నాలుగో క్రైటీరియన్‌లో ఎన్ని కంప్యూటర్లు, ఎంత బ్యాండ్‌విడ్త్ అన్నీ ఉంటాయి. ఇంజనీరింగ్ కాలేజీలైతే ఏఐసీటీఈ మ్యాండేటరీ డిస్‌క్లోజర్ అని ఇంకొక ఫైలు పెట్టాలి. రెండిట్లోనూ అంకెలు ఒకటేనా చూడండి, తర్వాత ల్యాబ్‌కి వెళ్లి లెక్కపెట్టండి. సమాచార హక్కు కింద అడిగేటప్పుడు 'ఎందుకు' అని అడక్కండి, ఆ ప్రశ్నకి జవాబివ్వాల్సిన పని వాళ్లకి లేదు. ఒప్పందం నకలు, చెల్లించిన బిల్లులు, నెలవారీ లాగిన్‌ల సంఖ్య, ఇలా కాగితంగా ఉండేదే అడగండి. 30 రోజుల్లో రావాలి, రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు. వాణిజ్య రహస్యం అని తిప్పి పంపితే, దాచాల్సిన భాగం కొట్టేసి మిగతాది ఇవ్వాలని పదో సెక్షన్ చెబుతోంది, ఆ సెక్షన్ పేరు రాసి మళ్లీ అడగండి. ఓపిక కావాలి మరి, తెలంగాణలో 2023 తర్వాత రెండేళ్ల పాటు సమాచార కమిషనర్లే లేరు, నా రెండో అప్పీళ్లు అలాగే పడి ఉండేవి.

భాష గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు డెస్క్ నుంచి వస్తున్నారు. లెర్నింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌కి తెలుగు మాట పుట్టించడానికి కుస్తీ పట్టకండి. కాలేజీ వాళ్లు పాఠాలూ అసైన్‌మెంట్లూ పెట్టే సైటు అని రాస్తే కామారెడ్డిలో ఉన్న తండ్రికి అర్థమవుతుంది. మన పాఠకుల్లో ఎక్కువమంది కాలేజీకి ఫీజు కట్టేవాళ్లు, కాలేజీకి వెళ్లనివాళ్లు. వాళ్లని మనసులో పెట్టుకుని ప్రతి వాక్యం రాయండి.

ఇబ్బంది ఒకటుంది, దాచను. అడ్మిషన్ల సీజన్లో పత్రికలకి పెద్ద ప్రకటనలు ఇచ్చేది కాలేజీలే. నా కథనం ఒకటి, ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబ్ గురించి, అన్ని ఆధారాలతో ఇచ్చింది, మే నెలలో ఆపి సెప్టెంబర్‌లో వేశారు. అప్పటికి పిల్లలు చేరిపోయారు. ఆ కోపం నాకు తగ్గలేదు, తగ్గకూడదు కూడా. దాని తర్వాత నేను అలాంటివి ఫిబ్రవరి, మార్చిల్లోనే ఇచ్చేస్తున్నాను, తల్లిదండ్రులు కాలేజీలు వెతకడం మొదలుపెట్టే ముందు, ప్రకటనల బుకింగ్ ఊపందుకునే ముందు.

డబ్బు సంగతి. స్టాఫ్ ఉద్యోగం జీతం మీ బీటెక్ స్నేహితుల జీతంలో చిన్న ముక్క ఉంటుంది, అది మీకు తెలిసే అడిగారనుకుంటాను. ఫ్రీలాన్స్‌గా తెలుగులో ఒక్కదాంట్లోనే రాసి ఇల్లు గడపడం కష్టం. నేను తెలుగులో ఒకటి రాస్తే అదే మెటీరియల్‌తో ఇంగ్లీషులో ఇంకొకటి రాస్తాను, రెండు యూనివర్సిటీల్లో జర్నలిజం పిల్లలకి గెస్ట్ క్లాసులు చెబుతాను. ఎడ్యుకేషన్ కంపెనీలకి కంటెంట్ రాసివ్వమని అడుగుతారు, బాగా ఇస్తారు. నేను చేయను. ఒక్కసారి చేస్తే ఆ కంపెనీ గురించీ దాని పోటీ కంపెనీ గురించీ ఇక రాయలేను. ఇంట్లో ఇబ్బంది ఉండి మీరు చేయాల్సి వస్తే నేను తప్పుపట్టను, కానీ ఆ తర్వాత ఆ కంపెనీ వార్త మీ చేతికి వస్తే డెస్క్‌కి ముందే చెప్పి పక్కకి జరగండి.

కోడింగ్ పనికొస్తుంది, కానీ మీరు అనుకునే రకంగా కాదు. యాప్‌లు కట్టక్కర్లేదు. పీడీఎఫ్ నుంచి టేబుల్ బయటికి తీయడం, రెండు వందల కాలేజీల డిస్‌క్లోజర్లు ఒక షీట్‌లోకి తేవడం, రెండు సంవత్సరాల అంకెలు పోల్చడం, ఇవి నేను చేత్తో వారం చేసేవి, మీరు మధ్యాహ్నంలో చేసేస్తారు. ఇంకొకటి, వెండర్ మీటింగ్‌లో డెమో చూపిస్తున్నప్పుడు ఇది నిజంగా నడుస్తోందా, ముందే రికార్డు చేసిందా అన్నది మీకు కళ్లతోనే తెలుస్తుంది. నాకు అది నేర్చుకోడానికి చాలా ఏళ్లు పట్టింది.

మీ ఊరికి దగ్గర్లో ఒక కాలేజీ తీసుకోండి, మీరు చదివినది మాత్రం వద్దు. దాని ఎస్‌ఎస్‌ఆర్ ఈ ఆదివారం చదివి, ఒక పనిదినం ఉదయం పదిన్నరకి వెళ్లండి, ప్రిన్సిపాల్ దగ్గర అనుమతి అడిగే వెళ్లండి. ల్యాబ్‌లో ఉన్న విద్యార్థుల్లో ఆఖరి వరసలో కూర్చున్న వాళ్లతో ముందు మాట్లాడండి, పాడైన సిస్టమ్స్ ఎక్కడున్నాయో వాళ్లకే తెలుస్తుంది. రాసింది ఇక్కడే కింద పెట్టండి, పేర్లు తీసేసి. నేను చూస్తాను.